ఉప్పెన కప్పు

మా పుట్టింటివాళ్ళు ఉప్పెనలో పోయి నెల తిరక్కముందే, వాళ్ళ పేరు చెప్పి తిరువూరులో కబడ్డీ పోటీలు పెట్టారు. పెట్టింది పరాయివాళ్ళు కాదు. మా బావగారు, అంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. ఆ పోటీల్లో ఆడించింది మా తమ్ముణ్ణి. గెలిచిన జట్టుకి ఇచ్చిన కప్పుని ఊళ్ళో చాలాకాలం ఉప్పెన కప్పు అనే పిలిచారు. ఆ మాట నా ఎదురుగా కూడా అనేవారు. ఏదో పండగ పేరు చెప్పినంత తేలిగ్గా అనేవారు.

మాది దివిసీమ. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న పల్లె. మా అరుగు మీద కూచుంటే సముద్రం కనపడదు గాని వినపడుతుంది. నాన్న ఉన్న కాస్త పొలంలో వరి వేసేవాడు. అమ్మ, నేను, తమ్ముడు, చెల్లి. తమ్ముడికి చదువు అబ్బలేదు, ఆట అబ్బింది. కూతకి వెళ్ళాడంటే అవతలివాళ్ళ కోర్టులో చివరి గీతదాకా పోయి, అక్కడ ఇద్దరిని తాకి, గుక్క తిప్పుకోకుండా వెనక్కి వచ్చేవాడు. వాడు చెరువులో మునిగితే ఒడ్డున ఉన్న అమ్మకి కంగారు పుట్టేది. "ఇంక లేవరా వెధవా" అని నీళ్ళ మీద అరిచేది.

నాకు తిరువూరు సంబంధం వచ్చింది కూడా ఆ ఆట వల్లనే. ఒక ఏడాది అవనిగడ్డలో పోటీలు జరిగితే తిరువూరు జట్టుని వెంటపెట్టుకుని మా బావగారు వచ్చారు. మా తమ్ముడు వాళ్ళ జట్టుని ఓడించాడు. గెలిచేవాళ్ళంటే బావగారికి మొదటినుంచీ మోజు. మర్నాడు జీపు వేసుకుని, వాణ్ణి వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. మా ఆయన వెనక సీట్లో కూచుని ఉన్నారు. అమ్మ చేపల పులుసు పెట్టింది. కూతగాణ్ణి చూడ్డానికి వచ్చి పిల్లని చూసుకుని వెళ్ళారని మా పల్లెలో నవ్వుకునేవాళ్ళు.

తిరువూరు వచ్చాక నాకు మొదట్లో ఊపిరాడనట్టుండేది. ఎర్రనేల, పత్తి చేలు, మామిడి తోటలు, ఎటు చూసినా ఏదో ఒక గుట్ట అడ్డం. మా అత్తగారు పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. "అంత నీళ్ళ పక్కన మీకు నిద్రెలా పట్టేదే?" అని అడిగేవారు. "రోడ్డు పక్కన మీకు పడుతోంది కదా అత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ నవ్వేవారు. ఆ ఇంట్లో నాకేమీ లోటు జరగలేదు. అది మాత్రం చెప్పాలి.

ఆ ఇంటికి పెద్ద దిక్కు బావగారే. పత్తి మిల్లు, మామిడి తోటలు, వ్యవసాయం అన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి. మా ఆయన పొలాలు చూసుకునేవారు, అన్నగారు చెప్పింది చేసేవారు, అంతే. బావగారికి పంచాయతీ సమితి ప్రెసిడెంటు పదవి మీద ఆశ. ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్ళు ఒక మాట మాట్లాడారు, ఎత్తేశాక మరో మాట మాట్లాడారు. మా అరుగు మీద కూచునేవాళ్ళు కూడా ఆ లెక్కనే మారుతుండేవారు. కాఫీలు కాచేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. రేడియోలో తుఫాను అని చెబుతూనే ఉన్నారు. తుఫాను మాకు కొత్త కాదు. ప్రతి ఏడూ ఆ రోజుల్లో ఏదో ఒకటి చెబుతారు, గాలీ వానా వచ్చి పోతాయి. ఆ శనివారం తిరువూరులో కూడా గాలి గట్టిగా వీచింది. తోటలో కొమ్మలు విరిగాయి, కరెంటు పోయింది. ఆదివారానికి వాన తెరిపి ఇచ్చింది. బావగారు విరిగిన కొమ్మలు చూసుకుని వచ్చి, మన అదృష్టం బాగుంది, పెద్దగా పోలేదన్నారు.

సోమవారం బెజవాడ నుంచి వచ్చిన బస్సు కండక్టరు బజార్లో చెప్పాడట. మా ఆయన పరుగున ఇంటికి వచ్చారు. నేను పెరట్లో బట్టలు పిండుతున్నాను.

"దివిలో నీళ్ళొచ్చాయంట" అన్నారు.

"ఎంత నీళ్ళు?"

"నేను వెళ్ళి చూసొస్తా. నువ్వుండు" అన్నారు.

నేను ఉండలేదు. చంటిపిల్లని అత్తగారి చేతిలో పెట్టి, పిండుతున్న బట్టలు అలాగే వదిలేసి బయల్దేరాను. బెజవాడ వరకు బస్సు దొరికింది. అక్కణ్ణించి పామర్రు, చల్లపల్లి మీదుగా ఏది దొరికితే అది ఎక్కాం. మోపిదేవి దాటాక ఎక్కడానికి ఏమీ లేదు. రోడ్డుకి అడ్డంగా చెట్లు, కరెంటు స్తంభాలు, పశువులు. మా ఆయన తన తువ్వాలు రెండుగా చింపి ఒక ముక్క నాకిచ్చారు, ముక్కుకి కట్టుకొమ్మని.

దారిలో చూసినవన్నీ రాయను. ఒక్కటి చెబుతాను. ఒక తుమ్మచెట్టు పైకొమ్మల్లో చీర చిక్కుకుని ఉంది. అది అమ్మదేమోనని బురదలో దిగి దగ్గరికి వెళ్ళి చూశాను. కాదు. కొంతదూరం పోయాక మరో చెట్టుకి మరో చీర. ఆ తర్వాత ఎన్ని కనిపించాయంటే, ఇక వెళ్ళి చూడటం మానేశాను.

తమ్ముడు కోడూరులో ఒక బడి వరండాలో దొరికాడు. నేను వాణ్ణి దాటిపోయాను, గుర్తుపట్టలేదు. వాడే "అక్కా" అన్నాడు. ఒంటిమీద చొక్కా లేదు, ఎవరిదో గోనెపట్టా కప్పుకున్నాడు. రొమ్ము నిండా, చేతుల నిండా తుమ్మముళ్ళు గీసిన గాయాలు. ఇరవై రెండేళ్ళవాడు ముసలివాడిలా గోడకి ఆనుకుని కూచున్నాడు.

"అమ్మేదిరా?"

"నాన్న దొరికాడక్కా. అందరితో పాటు కాల్చేశారు. అమ్మ, చెల్లి కనపడలేదు."

వాడు నా మొహం వైపు చూడకుండా, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు చెప్పుకుపోయాడు. "అందరం అటక ఎక్కాం. నీళ్ళు అటక మీదికి వచ్చినాయి. కప్పు లేచిపోయింది. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉందక్కా. నెత్తిమీదుగా పోయినాయి నీళ్ళు. నేను ఊపిరి బిగబట్టా. నేనెంతసేపు పడతానో నీకు తెలుసుగా. అమ్మకి అంత ఊపిరెక్కడిది? చెయ్యి గుంజుకుంది. నేను వదల్లేదు. జారింది."

మా ఆయన వాడి పక్కన కూచుని వీపు మీద చెయ్యి వేశారు. వీపు మీదా గాయాలే, వాడు మూలిగాడు. చెయ్యి తీసేశారు. ఎక్కడ వెయ్యాలో తెలియక ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంచారు.

అమ్మ కోసం, చెల్లి కోసం మా ఆయన, మరికొంతమంది మగవాళ్ళు ఇంకా వెతికారు. శవాలు మోశారు. దొరకలేదు. ఇక లాభం లేదని తమ్ముణ్ణి తీసుకుని తిరువూరు వచ్చేశాం.

వచ్చినరోజు నుంచి వాణ్ణి చూడ్డానికి జనం. పరామర్శకి వచ్చినవాళ్ళు కొందరే. చాలామంది చూసిపోవడానికే వచ్చారు. "అల ఎంత ఎత్తొచ్చింది బాబూ?" అని అడిగేవారు. వాడు "తాటిచెట్టంత" అనేవాడు. "శబ్దం వచ్చిందా?" "వచ్చిందండి." "పాములు కూడా చెట్లెక్కాయంట గదా?" "ఎక్కాయండి." అన్నిటికీ అదే గొంతుతో జవాబు. బావగారు తన స్నేహితులని వెంటబెట్టుకుని వచ్చి, వాళ్ళకి కుర్చీలు వేయించి, తమ్ముడి చొక్కా పైకెత్తి గాయాలు చూపించేవారు. ఒకసారి నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఉన్నాను. వాడు తలొంచుకుని చొక్కా అంచు తనే పట్టుకుని నిలబడ్డాడు. అడగకముందే పైకి ఎత్తుకునే అలవాటు వాడికి అప్పటికే అయిపోయింది.

తర్వాత కొద్దిరోజులకే పోటీల మాట పుట్టింది. దివి బాధితుల సహాయార్థం కబడ్డీ పోటీలు. బెజవాడ నుంచి ఒక పెద్ద నాయకుడు వస్తాడు. ఎన్నికలు దగ్గర పడ్డాయి, పార్టీలు చీలుతున్నాయి, ఎవరు ఎటు ఉంటారో ఎవరికీ తెలియదు. అలాంటి సమయంలో అంత జనాన్ని ఒకచోట కూడగట్టగలనని చూపించుకోవడం బావగారికి అవసరం. అది నాకు తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం మా వాళ్ళ కోసం ఎవరో ఏదో చేస్తున్నారనే అనుకున్నాను.

రిక్షాకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. బట్టలు, దుప్పట్లు, బియ్యం, గిన్నెలు అడిగారు. తిరువూరు జనం చెడ్డవాళ్ళు కాదు. కోమట్ల బజార్లో షాపులవాళ్ళు కొత్త దుప్పట్లు కట్టలుగా ఇచ్చారు. కూలికి పోయేవాళ్ళు కూడా గిద్దెడో సోలెడో బియ్యం పోశారు. నేను పెట్టె తెరిచి అమ్మ నా పెళ్ళికి పెట్టిన చీరల్లోంచి వంగపండు రంగు నేతచీర తీసి ఇచ్చాను. కట్టిన బట్టతో మిగిలిన మా పల్లె ఆడవాళ్ళలో ఎవరో ఒకరు కట్టుకుంటారు, అమ్మ ఉంటే తనే ఇచ్చేది అనుకున్నాను. అన్నీ మిల్లు గోదాములో పెట్టించారు, పోటీలయ్యాక లారీలో దివికి పంపుతామన్నారు.

ఒకరోజు భోజనాల దగ్గర బావగారు నాతో అన్నారు. "అమ్మాయ్, మీ తమ్ముడు మన జట్టులో ఆడతాడు."

"వాడి ఒళ్ళింకా మానలేదు బావగారూ."

"ఆడితేనే మనసు తేలికపడుద్ది. మూల కూచోబెడితే పిచ్చెక్కుద్ది. నువ్వు ఊరుకో."

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు అన్నం కలుపుతూ, "పెద్దబావగారూ, ఆ లారీ మా ఊరికే పోతదా అండీ?" అని అడిగాడు.

"మీ ఊరికే మొదట. నువ్వే దగ్గరుండి పంచుదువు గాని."

"అయితే ఆడతానండి" అన్నాడు.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, మీరైనా చెప్పండి, వాణ్ణి ఆడించొద్దని. "అన్నయ్య అన్నీ ఆలోచించే చేస్తాడు" అన్నారు. ఆయన ఏ మాటకైనా ఇచ్చే జవాబు అదే.

పోటీలు హైస్కూలు గ్రౌండులో పెట్టారు. ఎ.కొండూరు, రెడ్డిగూడెం, అటు సత్తుపల్లి వైపు నుంచి కూడా జట్లు వచ్చాయి. షామియానాలు, రంగు కాగితాలు, సోడాబండ్లు, వేరుశనక్కాయలు. ఆఖరి ఆట రోజు నేను, మా తోడికోడలు ఆడవాళ్ళ బెంచీల మీద కూచున్నాం. మైకులో తమ్ముడి గురించి చెబుతూనే ఉన్నారు. ఉప్పెనని జయించిన వీరుడట. మృత్యువుని తాకి తిరిగొచ్చిన కూతగాడట. జనం ఈలలు వేశారు. మా తోడికోడలు నా చెయ్యి నొక్కి, "మీ వాడికి ఎంత పేరొచ్చిందో చూడు" అంది. ఆవిడ నిజంగా సంతోషపడే అంది.

ఆట మొదలుపెట్టారో లేదో నాయకుడి కారు వచ్చింది. ఆట ఆపేశారు. రెండు జట్ల ఆటగాళ్ళు చెమటలతో ఎండలో నిలబడి ఉండగా ఉపన్యాసాలు సాగాయి. నాయకుడు దివి పేరు ఎత్తినప్పుడల్లా గొంతు బొంగురు చేసుకుని, అంతలోనే ఎన్నికల మాటకి వచ్చేవాడు. ఉన్నట్టుండి మైకులో నన్ను పిలిచారు. బాధిత కుటుంబం తరఫున దుప్పటి అందుకోవాలట. నాకెవరూ ముందు చెప్పలేదు. కదలకపోతే మా తోడికోడలు లేపి నిలబెట్టింది. స్టేజీ ఎక్కాను. నాయకుడు దుప్పటి ఇచ్చాడు. తీసుకుని దిగబోతుంటే ఫొటో అతను, "సరిగ్గా పడలేదమ్మా, మళ్ళీ ఒకసారి" అన్నాడు. దుప్పటి తిరిగి ఆయన చేతికిచ్చి, మళ్ళీ అందుకున్నాను. "ఇటు చూడండమ్మా. కొంచెం బాధగా" అన్నాడు. నేను అతని వైపు చూశాను. ఎలా చూశానో తెలియదు గాని, ఫొటో అతను తల దించుకున్నాడు. దిగగానే ఆ దుప్పటి ఒకతను నా చేతుల్లోంచి తీసుకుని తిరిగి కట్టలో పెట్టేశాడు.

ఆట మళ్ళీ మొదలైంది. అవతలిది సత్తుపల్లి జట్టు. తమ్ముడి వంతు వచ్చింది. గీత దగ్గర వంగి మట్టి తాకి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళాడు. కాళ్ళు బాగానే ఆడుతున్నాయి. నోరు కదలడం లేదు. కూత లేదు. రిఫరీ ఈల వేసి వెనక్కి పంపాడు. జనం సరదాగా నవ్వారు. ఎవరో "కూత మర్చిపోయాడ్రోయ్" అన్నారు. మళ్ళీ వంతు వచ్చింది. ఈసారి నోరు తెరిచాడు, మెడ నరాలు బిగుసుకున్నాయి, శబ్దం మాత్రం రాలేదు. మళ్ళీ ఈల. ఇప్పుడు నవ్వులు తగ్గి కేకలు మొదలయ్యాయి. "కూత పెట్టరా! ఏం, నోట్లో నీళ్ళున్నాయా?" అని ఒకడు అరిచాడు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నా వైపు చూడకుండా ముందుకే చూస్తూ కూచున్నారు.

బావగారు స్టేజీ మీంచి చెయ్యి ఊపుతున్నారు, ఊఁ కానివ్వు అన్నట్టు. తమ్ముడు ఆయన వైపు చూసి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఎలాగో కూత అందుకున్నాడు, గాని అది కూతలా లేదు, మూలుగులా ఉంది. రెండడుగులు వేశాడో లేదో ఒకతను కాలు పట్టాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. కబడ్డీలో మామూలుగా జరిగేదే. వాళ్ళ తప్పేమీ లేదు. ఆ మనుషుల కిందనుంచి ఒక అరుపు వచ్చింది.

అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. "అమ్మా" అనో "వదలొద్దు" అనో, ఏదీ స్పష్టంగా లేదు. సత్తుపల్లి ఆటగాళ్ళు నిప్పు తగిలినట్టు లేచి దూరం జరిగారు. మీద ఎవరూ లేకపోయినా తమ్ముడు బోర్లాపడి రెండు చేతులతో నేలని పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు. మానుతున్న గాయాలు రేగి బనియను నిండా రక్తం.

మైకులో మా బావగారి గొంతు వినిపించింది. "పక్కకి తీసుకెళ్ళండి. ఇంకొకళ్ళని దింపండి. ఆట సాగనివ్వండి, పెద్దలకి టైమవుతోంది."

నేను బెంచీలు దాటుకుని సున్నపు గీత లోపలికి వెళ్ళిపోయాను. కొంగు జారుతోందో, ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు. సత్తుపల్లి కెప్టెను, మీసాలు నెరిసిన పెద్దమనిషి, అప్పటికే మోకాళ్ళ మీద కూచుని వాడి తల పట్టుకున్నాడు. "మాకు తెల్వదమ్మా, ఇట్లయితదని మాకు తెల్వదు" అన్నాడు. అతను, నేను కలిసి వాణ్ణి లేపాం. మా ఆయన ఎక్కడినుంచో వచ్చి భుజం పట్టారు. ముగ్గురం వాణ్ణి రిక్షా ఎక్కించాం. మేము గేటు దాటకముందే వెనకాల రిఫరీ ఈల వినిపించింది.

కప్పు తిరువూరే గెలిచింది. సత్తుపల్లివాళ్ళు ఆ తర్వాత సరిగ్గా ఆడలేదని చెప్పుకున్నారు. ఆట అయ్యాక గుడ్డ బ్యానరు కట్టిన లారీకి నాయకుడు జెండా ఊపాడట, లారీ బజారు మీదుగా మేళతాళాలతో వెళ్ళిందట. ఇంట్లో పడుకున్న తమ్ముడికి ఆ డప్పుల చప్పుడు వినపడింది. "లారీ బయల్దేరిందా అక్కా? నన్నెక్కించుకోకుండా పోయిందా?" అని లేవబోయాడు.

మర్నాడు పొద్దున్నే మిల్లు దగ్గరికి వెళ్ళాడు. లారీ అక్కడే ఉంది. బ్యానరు ఒకపక్క ఊడి వేలాడుతోంది. హమాలీలు అందులోకి పత్తి బేళ్ళు ఎక్కిస్తున్నారు. బట్టల మూటలు తిరిగి గోదాములోకి చేరాయి. వాడు ఇంటికొచ్చి బావగారి ఎదురుగా నిలబడ్డాడు.

"లారీ పోలేదాండీ?"

"రోడ్లు బాగాలేవంట. బాగుపడ్డాక పంపిద్దాం. కంగారేంటి?"

"మేము ఆ రోడ్ల మీదే వచ్చామండి" అన్నాడు తమ్ముడు.

బావగారు పేపరు తీసి వాడికి చూపించారు. అందులో నా ఫొటో పడింది. దుప్పటి అందుకుంటూ నేను. "చూడు, మీ అక్క ఫొటో ఎంత బాగా పడిందో" అన్నారు.

తమ్ముడు ఆ రోజే వెళ్ళిపోయాడు. ఎక్కడికిరా, అక్కడ ఏముంది అంటే, "ఏమీ లేదుగా. అందుకే పోవాలి" అన్నాడు. పశువుల కొట్టంలోంచి పార, గడ్డపలుగు అడిగి తీసుకున్నాడు. మా ఆయన బస్సెక్కించడానికి వెళ్ళినవారు, వాడితో పాటు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదు. మా పొలం బియ్యం రెండు బస్తాలు బస్సు టాపు మీద వేయించుకుని తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. అన్నగారిని అడక్కుండా ఆయన చేసిన మొదటి పని అదేననుకుంటాను.

ఎన్నికల ముందు ఒకరోజు నేను తోటకి వెళ్ళాను. చెట్లకి పాదులు చేస్తున్న ఆడకూలీల్లో ఒకామె నా వంగపండు రంగు చీర కట్టుకుని ఉంది. అంచు దగ్గర అమ్మ వేసిన కుట్టు కూడా అలాగే ఉంది. పోల్చుకోవడానికి నాకు అదే చాలు.

"ఈ చీర ఎక్కడిది?" అన్నాను.

ఆమె మురిసిపోయింది. "పెద్దయ్యగారు ఇచ్చారమ్మా. మా పేటలో అందరికీ ఇచ్చారు. మా అత్తకి దుప్పటి కూడా వచ్చింది. ఓటు మటుకు మర్చిపోవద్దన్నారు. బాగుందామ్మా నాకు?"

బాగుందని చెప్పాను. ఇంకేం చెప్పను? ఆమె అంతకుముందు కట్టుకునే చీర నాకు తెలుసు. అతుకుల మీద అతుకులు. ఆ చీర ఆమె ఒంటిమీద ఉండటం నాకు కష్టంగా లేదు. అది ఏ పేరు చెప్పి అడిగారో, ఆ పేరుగల మనుషులు సముద్రపు ఒడ్డున తాటాకుల కింద వణుకుతున్నారని, అందులో నా తమ్ముడు ఉన్నాడని నా బాధ.

ఆ పూట బావగారికి వడ్డిస్తూ అడిగేశాను. ఆ ఇంట్లో ఆయనని అలా ఎదురుగా అడిగినవాళ్ళు లేరు.

"బావగారూ, దుప్పట్లు దివికి పంపలేదా?"

ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "అక్కడికి దేశదేశాల నుంచి వచ్చిపడుతున్నాయమ్మా. మన ఊళ్ళో పేదోళ్ళు లేరా? ఇక్కడ చలి వెయ్యదా? ఎవరికిచ్చినా పుణ్యమేగా."

"అయితే వాళ్ళ పేరు మీదే అడగాల్సిందండి. మా అమ్మ పేరు మీద ఎందుకడిగారు?"

మా తోడికోడలి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అత్తగారు "చాల్లే ఊరుకో" అన్నారు. బావగారు చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేసి లేచి వెళ్ళిపోయారు. ఆయన అన్నం మధ్యలో లేచారన్నదే ఆ తర్వాత నేరమైంది. ఎందుకు లేచారన్నది ఎవరూ అనలేదు. చాలారోజులు ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఎన్నికల్లో ఎవరు గెలిచారన్నది పెద్ద విషయం కాదు. గెలిచినవాళ్ళ ఊరేగింపులో బావగారు ఉన్నారు. ఓడినవాళ్ళు మా అరుగు మీదికి రావడం మానేశారు. అంతే తేడా.

తమ్ముడు అక్కడే గుడిసె వేసుకున్నాడు. ఉప్పు పట్టిన పొలాన్ని తవ్వి, మంచినీళ్ళు కట్టి, మళ్ళీ తవ్వి, కొంచెం కొంచెంగా దారికి తెచ్చాడు. ఉప్పెనలో భర్తని, ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఒకామెని పెళ్ళి చేసుకున్నాడు. కబడ్డీ కోర్టు వైపు మళ్ళీ వెళ్ళలేదు.

డెబ్భై తొమ్మిది మే నెలలో మళ్ళీ తుఫాను వచ్చింది. అది దక్షిణంగా జరిగిపోయి అక్కడ తీరం దాటింది గాని, రాబోయే ముందు దివి అంతా ఖాళీ చేయించారు. గాలులు తగ్గాక నేను, మా ఆయన చూడ్డానికి వెళ్ళాం. తమ్ముడు, మరదలు క్షేమంగా ఉన్నారు. గుడిసె పైకప్పు మాత్రం కొంత లేచింది. మరదలు అన్నం పెట్టింది. తింటూ అడిగాను, ఈసారి ఎలా తప్పించుకున్నారని.

"లారీలు వచ్చినాయక్కా. ముందురోజే వచ్చినాయి. పోలీసులు, ఆఫీసర్లు ఇంటింటికీ తిరిగి ఎక్కించారు. రానన్నవాళ్ళని కూడా చేతులు పట్టుకుని ఎక్కించారు" అన్నాడు. "అవే లారీలు. అదే రోడ్డు. ఆనాడు కూడా ఈ రోడ్డు ఇక్కడే ఉంది" అన్నాడు.

మరదలు వడ్డిస్తున్నదల్లా ఆగి, గోడవైపు తిరిగి నిలబడింది. మా ఆయన తినకుండా కంచం వైపు చూస్తూ కూచున్నారు.

తిరువూరు వచ్చేసరికి బావగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. మమ్మల్ని చూసి తలెత్తి అడిగారు.

"ఎంతమంది పోయారు మీవైపు?"

"మా ఊళ్ళో ఎవరూ పోలేదండి" అన్నాను.

"అలాగా" అని మళ్ళీ పేపర్లోకి చూశారు. నా తమ్ముడు ఎలా ఉన్నాడని కూడా అడగలేదు.

నేను లోపలికి వెళ్ళబోతుంటే మా ఆయన అక్కడే ఆగిపోయారు. చేతిలో సంచీ కింద పెట్టారు.

"అన్నయ్యా, మనం వేరుపడదాం" అన్నారు.

బావగారు పేపరు దించారు. "ఏంటది? ఆడవాళ్ళ మాటలు పట్టుకుని..."

"ఎవరి మాటలూ కాదు. అక్కడ నేను మోశాను అన్నయ్యా. నాకు తెలుసు."

ఎన్నేళ్ళు కలిసి కాపురం చేసినా ఆ శవాల సంగతి ఆయన నాతో కూడా ఎప్పుడూ ఎత్తలేదు. ఆ వానాకాలంలోనే పంపకాలు జరిగాయి. మిల్లు బావగారికి, ఊరి బయట మెట్టపొలం మాకు వచ్చాయి. పెద్దమనుషులు అది న్యాయమే అన్నారు. మేము ఎదురు చెప్పలేదు. అద్దెకి తీసుకున్న రెండు గదుల ఇంట్లో పొయ్యి పెట్టుకున్నాం. మొదటిరోజు వంటకి తమ్ముణ్ణి, మరదల్ని రమ్మని కబురు పెట్టాను. పొలంలో నారుమళ్ళ పని ఉందని, తీరిక లేదని కబురు వచ్చింది.